కింది గొంతు

కుటైసీలో తెల్లవారుజాము మూడు.
రియోని నది మీద మంచు, మా బేకరీలో పిండి దుమ్ము.
పాత రేడియో నిన్న ఉప్పునీళ్ళ తొట్టిలో పడి చచ్చింది.
పాట లేకపోతే రొట్టె గోడకు అంటదంటాడు నుగ్జార్,
ముప్పై ఏళ్ళుగా ఆ మట్టిపొయ్యిలోకి
నడుం దాకా వంగి లేస్తున్న మనిషి.

అందుకని ఈ కంప్యూటర్.
బడివాళ్ళు వేలంలో వదిలించుకున్నది.
విండోస్ మోయలేక చతికిలబడితే
ఎవరో లినక్స్ ఎక్కించి లేపారట.
డబ్బా పక్కన ఇంకా
ఏ పిల్లో గోటితో గీసిన గుండె బొమ్మ.

ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని కూర్చున్నాను.
నల్లటి టెర్మినల్. మినుకుమనే గీత.
పాటల యాప్ కావాలని దాని భాషలో అడిగాను.
పాస్‌వర్డ్ అంది. కొడుతుంటే
తెర మీద చుక్కయినా పడదు,
కొట్టానో లేదో నా వేళ్ళకే తెలియాలి.
మూడోసారికి నమ్మింది.

నమ్మీ నమ్మగానే హంసపాదు:
ఈ ఫైలు ఇంకా చెల్లదు.
ఇంకా ఏమిటి, ఇంకా?
మూలకు చూస్తే గడియారం పన్నెండేళ్ళ వెనక ఉంది.
లోపలి బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో పోయినట్టుంది.
దాని లెక్కన నేనడిగిన యాప్ పుట్టనే లేదు,
పుట్టనిదాని సంతకం ఎలా చెల్లుతుంది?
తేదీ దిద్దాను.
పన్నెండేళ్ళు ఒక్క మీటతో గడిచిపోయాయి,
నా పెళ్ళీ విడాకులూ అందులోనే.

ఆపైన ఫలానా లైబ్రరీ లేదంది.
తెచ్చిస్తే దాని తోడుది లేదంది.
తీగ లాగితే డొంకంతా కదిలి
తెర నిండా అక్షరాలు జారుతున్నాయి.
సరేనా అంటే సరే, సరేనా అంటే సరే.
చర్చిలో కిరీటం పెట్టిన రోజు కూడా
ఇన్నిసార్లు తలూపలేదు నేను.

తెరుచుకుంది.
పాట నొక్కాను. గీత కదులుతోంది,
సెకన్లు కదులుతున్నాయి,
చప్పుడు లేదు.
"పాడుతోందా?" పొయ్యిలోంచి నుగ్జార్.
"పాడుతోందట."

స్పీకర్ తీగలు పీకి పెట్టాను, వాల్యూం చివరిదాకా తోశాను.
ఎంతసేపటికో దొరికింది:
పాటంతా లావుపాటి కేబుల్ గుండా
మానిటర్‌లోకి పోతోంది. దానికి స్పీకర్లే లేవు.
చెవిటివాడి ముందు శంఖం అంటారు కదా,
ఇది మూగవాడి నోట్లో శంఖం.
దారి మళ్ళించాను.

వచ్చింది!
కొండ మీద గడ్డి కోసేవాళ్ళ పాట, మూడు గొంతులది.
కానీ రెండే వినిపిస్తున్నాయి.
కుడి స్పీకర్ మూగనోము పట్టింది,
కింది గొంతు అందులో ఉండిపోయింది.
నేను మళ్ళీ మెనూల్లో పడ్డాను.
వెనకనించి, పిండి సాగదీస్తూనే,
ఎవరూ అడక్కుండానే,
నుగ్జార్ ఆ ఖాళీలోకి దిగాడు.
బరువుగా, బొంగురుగా, గోడకు ఆనించిన బస్తాలా.
రొట్టెలు లెక్కపెట్టే ఇర్మా
పదకొండు దగ్గర ఆగి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

బ్యాలెన్స్ బొత్తిగా ఎడమకు ఒరిగి ఉంది, అంతే.
మధ్యకు జరిపాను.
మూడో గొంతు వచ్చింది,
ఎప్పటివాడో, నునుపుగా, తప్పులేకుండా.
నుగ్జార్ ఆగిపోయాడు.
ఒక రొట్టె గోడ వదిలి నిప్పుల్లో పడింది.
"ఎవరతను?"
"రికార్డులో మనిషి."
"బాగా పాడుతున్నాడు" అన్నాడు,
పొయ్యి గోడలకు ఉప్పునీళ్ళు చిలకరిస్తూ.
తర్వాతి పాటకు నోరు విప్పలేదు,
ఆ తర్వాతి దానికీ.

నాలుగుంబావుకి అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి.
నేను చేసిన పనికి నాకే చిరాకేసింది.

ఐదు కొట్టకముందే, ఇర్మా అటు తిరిగినప్పుడు,
బ్యాలెన్స్ మళ్ళీ ఎడమకు తోసేశాను.
"ఏమైంది?"
"మళ్ళీ పాడైంది. లినక్స్ కదా."
"పోనీలే" అన్నాడు,
గొంతు సవరించుకుంటూ.